మ్యూజియం లెక్క ఊరికీ చెప్పాలి

ప్రజల డబ్బుతో నడిచే మ్యూజియం తన పై అధికారికి లెక్క చెబితే సరిపోతుందనీ, అది ఉన్న ఊరి పంచాయతీకి గానీ మండల, జిల్లా పరిషత్తులకు గానీ జవాబు చెప్పాల్సిన పని లేదనీ ఒక అభిప్రాయం ఆంధ్రప్రదేశ్‌లో గట్టిగా పాతుకుపోయింది. అధికారులు అదే అంటారు. చరిత్ర చదువుకున్నవారిలో చాలామంది అదే అంటారు. చిత్రమేమిటంటే సర్పంచులూ అదే అంటారు. వీధిదీపం వెలగకపోతే సర్పంచిని నిలదీసే ఊరు, శిల్పాలు పెట్టిన షెడ్డు తాళం పగిలితే మాత్రం "అది గవర్నమెంటోళ్లది" అని ఊరుకుంటుంది. పంచాయతీ కూడా గవర్నమెంటేనన్న సంగతి ఆ మాట అన్నవారికీ తోచదు, విన్నవారికీ తోచదు.

ఈ అభిప్రాయాన్ని సమర్థించేవారి వాదనలు కొత్తవేమీ కావు. ఊరివాళ్లకు రాళ్ల విలువ తెలియదంటారు. వస్తువుల జాబితా బయటపెడితే దొంగలకు దారి చూపినట్టేనంటారు. మ్యూజియం రాష్ట్ర జాబితాలోని అంశమంటారు. పంచాయతీని కలిపితే రాజకీయాలు దూరతాయంటారు. పంచాయతీ దగ్గర డబ్బెక్కడిదని చివర్లో ఓ మాట కలుపుతారు. వీటిలో ఒకటి రెండింటికి కొంత బలం లేకపోలేదు. కానీ అన్నీ కలిపినా ఆ అభిప్రాయం నిలబడదు. ఆ సంగతి తెలుసుకోవడానికి పశ్చిమ ప్రకాశం దాటి వెళ్లనక్కర్లేదు.

ఆ ప్రాంతంలోని పెద్దారవీడు మండలానికి తూర్పున, దొనకొండ మండలంలో, గుండ్లకమ్మ ఒడ్డున చందవరం ఉంది. అక్కడి కొండమీద బౌద్ధస్తూపం ఉన్నట్టు 1964లో వేలూరి వెంకట కృష్ణశాస్త్రి గుర్తించారు. 1970లలో రాష్ట్ర పురావస్తు శాఖ పలు విడతలుగా తవ్వకాలు జరిపింది. సాతవాహనుల నాటి మహాస్తూపం, రెండంతస్తుల వేదిక, చుట్టూ చిన్నాపెద్దా స్తూపాలు, సున్నపురాతి శిల్పఫలకాలు బయటపడ్డాయి. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలను చూసినవారికి వీటి చుట్టరికం ఇట్టే తెలిసిపోతుంది. ఆ స్థలాన్నీ శిల్పాలనూ రాష్ట్ర శాఖే తన సంరక్షణలో ఉంచుకుంది. అంటే పై అధికారికి లెక్క చెబితే చాలన్న పద్ధతి ఇక్కడ ఏ పంచాయతీ జోక్యమూ లేకుండా, సంపూర్ణంగా అమలైంది. దాని ఫలితాన్ని కొలవడానికి ఇంతకన్నా అనువైన చోటు దొరకదు.

2000, 2001 సంవత్సరాల్లో చందవరంలో పదేపదే దొంగలు పడ్డారు. చందవరం నుంచి పోయిన శిల్పాల్లో ఒకటి, బుద్ధుని ఆరాధకులను చెక్కిన క్రీ.శ. 3వ శతాబ్దపు ఫలకం, న్యూయార్క్‌లోని కళావస్తువుల వ్యాపారి నాన్సీ వీనర్ దగ్గర తేలింది. 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ దాన్ని ఆమె నుంచి 5,95,000 అమెరికన్ డాలర్లకు కొన్నది. అప్పటి మారకంలో అది రెండున్నర కోట్ల రూపాయలకు పైమాటే. ఆ ఫలకం ఇండియాలో ఉండగా తీసిన పాత ఫొటో బయటపడ్డాక గ్యాలరీ వెనక్కి ఇవ్వక తప్పలేదు. 2016 సెప్టెంబరులో కాన్‌బెర్రాలో దాన్ని భారత సాంస్కృతిక శాఖ మంత్రి మహేశ్ శర్మకు అప్పగించారు. అమ్మిన వ్యాపారి అదే ఏడాది డిసెంబరులో అరెస్టయి, 2021లో న్యూయార్క్ కోర్టులో నేరం ఒప్పుకుంది.

ఈ వ్యవహారంలో ప్రజాధనంతో నడిచే సంస్థలు రెండున్నాయి, ఒకటి శిల్పాన్ని పోగొట్టుకున్నది, ఇంకొకటి కొన్నది. కొన్న సంస్థ తప్పు చిన్నదేమీ కాదు. అయితే తప్పు బయటపడ్డాక అది తన ఆసియా సేకరణ మీద ఆస్ట్రేలియా హైకోర్టు మాజీ న్యాయమూర్తి సుసాన్ క్రెన్నన్ చేత స్వతంత్ర సమీక్ష చేయించింది. ఆమె పరిశీలించిన 36 వస్తువుల్లో 22 ఎక్కడినుంచి ఎలా వచ్చాయన్నది సంతృప్తికరంగా తేలలేదు. 2016లో ఆ సంగతిని గ్యాలరీ లోకానికి చెప్పింది. దానివల్ల పరువు పోతుందని తెలిసే చెప్పింది. అక్కడి పన్ను చెల్లింపుదారుకు తన డబ్బుతో ఏం కొన్నారో, ఎలా మోసపోయారో తెలిసింది. చందవరం పౌరుడు మాత్రం సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజు కట్టి అర్జీ పెట్టుకోవాలి. అతను ఎన్నుకున్న పంచాయతీ తన హోదాలో పిలిచి అడిగే ఏర్పాటు గానీ, శాఖ తప్పక వచ్చి జవాబు చెప్పే నిబంధన గానీ లేదు. దొంగిలించిన వస్తువు దేశానికి తిరిగివస్తే అది ఏ ఊరికి చేరాలన్న విషయంలోనూ పంచాయతీ మాటకు చట్టంలో చోటు లేదు.

చందవరం ఒక్కటే దురదృష్టవంతమైన మినహాయింపు అనడానికీ వీల్లేదు. 2013లో కాగ్ తన నివేదికలో కేంద్ర పురావస్తు సర్వేక్షణ సంస్థ సంరక్షణలోని కట్టడాల గురించి ఒక లెక్క చెప్పింది. స్వయంగా వెళ్లి చూసిన 1,655 కట్టడాల్లో 92 జాడే దొరకలేదు. ఊరి సంస్థ కాదు, రాష్ట్ర శాఖ కూడా కాదు, దేశంలోనే అత్యున్నతమైన పురావస్తు సంస్థ జాబితాలో ఉన్నవవి. విగ్రహం మాయమైందంటే ఎవరైనా మూటగట్టుకుపోయారనుకోవచ్చు. కట్టడం మాయమవడానికి నెలలు, ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ దాని చుట్టూ ఊరు ఉంది, ఊరికి పంచాయతీ ఉంది. చూసినవారికి చెప్పే బాధ్యత లేదు, చెప్పాల్సినవారు చూడటానికి రాలేదు.

ఊరివాళ్లకు విలువ తెలియదన్న వాదనకు అమరావతిని సాక్ష్యంగా తెస్తారు. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు స్తూపం ఇటుకలనూ రాళ్లనూ కొత్త పట్నపు కట్టడాలకు తరలించిన మాట నిజమే. ఆ తర్వాత 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన ఫలకాలు 1859లో లండన్‌కు ఓడెక్కిన మాటా అంతే నిజం. ఒకరికి విలువ తెలియక పోయింది, ఇంకొకరికి విలువ తెలిసి పోయింది. జమీందారుకూ దొరకూ ఉన్న పోలిక ఒక్కటే, ఇద్దరూ ఆ ఊరికి జవాబుదారులు కారు. చందవరం ఫలకాన్ని న్యూయార్క్ దాకా చేర్చినవారికి దాని విలువ డాలర్లతో సహా తెలుసు. కాబట్టి వస్తువును కాపాడేది విలువ తెలియడం ఒక్కటే కాదు. అది ఉందో లేదో ఏడాదికోసారైనా నలుగురి ముందు సరిచూసుకునే కట్టుబాటు ఉండాలి.

జాబితా బయటపెడితే దొంగలకు దారి చూపినట్టేనన్న మాట వినడానికి తెలివిగా ఉంటుంది గానీ, అది తలకిందుల మాట. దొంగకు జాబితా అక్కర్లేదు, వాడు చూసే వస్తాడు. జాబితా లేక నష్టపోయేది వస్తువు పోగొట్టుకున్నవాడు. దొంగతనం జరిగిన మర్నాడు ఏమేం పోయాయో చెప్పాలంటే ముందురోజు ఏమేం ఉన్నాయో తెలిసి ఉండాలి. ఇది ఒక్క ఇంగితజ్ఞానం మాటే కాదు, అంతర్జాతీయ న్యాయం కూడా. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను అరికట్టడానికి యునెస్కో 1970లో చేసిన ఒప్పందంలో భారత్ 1977లో చేరింది. ఆ ఒప్పందం 7వ అధికరణం ప్రకారం మ్యూజియం నుంచి దొంగిలించిన వస్తువును మరో దేశం దిగుమతి కానివ్వకూడదు, వస్తే మూలదేశం కోరినప్పుడు తిరిగి ఇప్పించాలి. షరతు ఏమిటంటే, ఆ వస్తువు ఆ సంస్థ జాబితాలో నమోదై ఉన్నట్టు పత్రాలతో చూపాలి. ఇంటర్‌పోల్ దొంగసొత్తు జాబితాలోకి ఎక్కించాలన్నా ఫొటో, కొలతలు, వర్ణన కావాలి. ఒక్క రిజిస్టరు ఒక్క బీరువాలో ఉంటే అది తడిసినా, చెదలు పట్టినా, ఎవరైనా ఒక పేజీ చింపినా వాదించడానికి ఏమీ మిగలదు. అదే జాబితా ఫొటోలతో సహా పంచాయతీ కార్యాలయంలోనూ, జిల్లా పరిషత్తులోనూ, పోలీస్ స్టేషన్‌లోనూ ఉంటే దాన్ని మాయం చేయడం ఎవరికీ సాధ్యం కాదు. చందవరం ఫలకాన్ని ఇంటికి రప్పించింది ఒక పాత ఫొటో. ఆ ఫొటో తీయడం, అది దొరకడం అదృష్టం. ప్రభుత్వ ఆస్తి రక్షణను అదృష్టానికి వదిలేయమని ఏ ఆర్థిక నియమావళీ చెప్పదు.

ఊరివాళ్లు లెక్కలు చూడగలరా అన్న సందేహానికి ఈ ప్రాంతంలోనే జవాబు ఉంది. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభ చేత సామాజిక తనిఖీ చేయించాలంది. దేశమంతటిలోనూ దాన్ని పద్ధతిగా నడిపి చూపించింది మొదట ఆంధ్రప్రదేశే. మస్టర్లు, కొలతల పుస్తకాలు, చెల్లింపుల వివరాలు ఊళ్లకు తెచ్చి, ఇంటింటికీ తిరిగి అడిగి, పనిచోటికి వెళ్లి టేపు పట్టి కొలిచి, మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదివారు. పెద్దారవీడు, దోర్నాల, త్రిపురాంతకం లాంటి కరువు మండలాల్లో ఉపాధి పనికి వెళ్లిన కూలీకి మస్టర్ అంటే ఏమిటో, చేయని పనికి బిల్లు పెట్టడమంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కర్లేదు. ఈ తనిఖీల్లో అక్రమాలు బయటపడ్డాయి, రికవరీలకు ఆదేశాలు వచ్చాయి, కొన్ని అమలు కాలేదు కూడా. లోపాలు ఎన్ని ఉన్నా, చదువు అంతగా లేని ఊరు ఇంజనీరు రాసిన కొలతను తప్పని రుజువు చేయగలదని తేలిపోయింది. చెరువు కట్టమీద ఎన్ని క్యూబిక్ మీటర్ల మట్టి పడిందో సరిచూడగలిగిన గ్రామసభకు షెడ్డులో ఎన్ని ఫలకాలున్నాయో లెక్కపెట్టడం కష్టమా? పైగా శిల్పాన్ని లెక్కపెట్టడం మట్టిని కొలవడంకన్నా తేలిక. మట్టి వానకు కొట్టుకుపోయిందని చెప్పుకోవచ్చు, రాతిఫలకం గురించి ఆ మాట చెల్లదు.

ఇక రాజ్యాంగం. ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలోని 12వ అంశం "రాష్ట్రం నియంత్రణలో లేదా రాష్ట్ర నిధులతో నడిచే గ్రంథాలయాలు, మ్యూజియంలు" వగైరాలను రాష్ట్రానికి అప్పగించింది. వాదన ఇక్కడితో ఆపేస్తారు. ఆపకుండా ఇంకాస్త చదివితే తెలిసేది వేరు. ఆ అంశంలో గ్రంథాలయాలు, మ్యూజియంలు పక్కపక్కనే ఉన్నాయి. 73వ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో గ్రంథాలయాలు 20వది, సాంస్కృతిక కార్యకలాపాలు 21వది, సామూహిక ఆస్తుల నిర్వహణ 29వది. మ్యూజియం అన్న మాట విడిగా లేకపోవచ్చు. కానీ ఊరి స్తూపం సామూహిక ఆస్తి కాదని, దాని శిల్పాలను జనానికి చూపడం సాంస్కృతిక కార్యం కాదని వాదించడానికి చాలా సాహసం కావాలి. 12వ అధికరణం నిర్వచనంలో స్థానిక సంస్థలు కూడా రాజ్యంలో భాగమే. రాష్ట్ర జాబితాలో ఉండటమంటే ఆ విషయంపై చట్టం చేసే అధికారం శాసనసభకు ఉండటం. ఆ చట్టంలో పంచాయతీకి పాత్ర ఇవ్వకూడదని దానర్థం కాదు. గ్రంథాలయాల విషయంలో శాసనసభ ఆ పాత్ర ఇచ్చింది కూడా.

ఆ ముచ్చట వివరంగా చెప్పుకోదగ్గది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1960లో రెండు చట్టాలు చేసింది. ఒకటి పౌర గ్రంథాలయాల చట్టం, రెండోది ప్రాచీన, చారిత్రక కట్టడాలూ పురావస్తు స్థలాలూ అవశేషాల చట్టం. మొదటి చట్టం జిల్లాకో గ్రంథాలయ సంస్థను ఏర్పరచి, ఆస్తిపన్ను మీద సెస్సు వేసి, దాన్ని పంచాయతీలూ మునిసిపాలిటీలూ వసూలు చేసి సంస్థకు జమ చేయాలంది. ఇప్పుడది రూపాయికి 8 పైసలు. ఇంటిపన్ను కట్టే ప్రతి మనిషీ గ్రంథాలయానికి కాస్త చందాదారే. రెండో చట్టంలో స్థానిక సంస్థకు అలాంటి చోటేమీ దక్కలేదు. ఒకే ఏడాది, ఒకే సభ, రాజ్యాంగంలో ఒకే అంశం కిందికి వచ్చే రెండు సంస్థలను ఒకదాన్ని ఊరితో ముడిపెట్టి, ఇంకొకదాన్ని ఊరికి దూరంగా కట్టేసింది. దీనికి సిద్ధాంతం ఏదీ కనిపించదు, అలవాటు తప్ప. గ్రంథాలయోద్యమం ఊళ్లలోంచి పుట్టింది కాబట్టి దాని చట్టంలో ఊరు ఉంది. పురావస్తు శాఖలు తెల్లదొరల సర్వేల నుంచి పుట్టాయి కాబట్టి వాటి చట్టంలో అధికారి ఉన్నాడు.

గ్రంథాలయ సెస్సు సవ్యంగా నడుస్తోందని చెప్పడం కాదిది. వసూలు చేసిన సెస్సును స్థానిక సంస్థలు తమ దగ్గరే ఆపుకోవడం, గ్రంథాలయ సంస్థలు బకాయిల కోసం తిరగడం ఏళ్ల తరబడి సాగుతున్న తగాదా. కానీ ఆ తగాదాకు ఒక రూపం ఉంది. ఎవరు ఎవరికి ఎంత బాకీ ఉన్నారో కాగితం మీద ఉంది, పత్రికలో రాయవచ్చు, సభలో అడగవచ్చు. మ్యూజియం విషయంలో బాకీయే లేదు, కాబట్టి ఎగవేత కూడా కనిపించదు. జవాబుదారీ లేని చోట అంతా సజావుగా ఉన్నట్టు కనిపించడానికి కారణం ఇదే.

స్థానిక ప్రభుత్వ ప్రతినిధి మ్యూజియం పాలనలో కూర్చోవడం వింత అనుకునేవారు హైదరాబాదు వైపు చూడవచ్చు. సాలార్‌జంగ్ మ్యూజియాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటిస్తూ పార్లమెంటు 1961లో చేసిన చట్టం దాని పాలకమండలికి గవర్నరును అధ్యక్షుణ్ని చేసింది. ఉస్మానియా వైస్ చాన్సలరుతో పాటు హైదరాబాదు నగర మేయరునూ హోదారీత్యా అందులో సభ్యుణ్ని చేసింది. మేయరు వచ్చి కూర్చున్నందువల్ల సాలార్‌జంగ్ మ్యూజియం పంచాయతీ రాజకీయాల పాలైందని ఎవరూ అనలేదు. నగరానికి పనికొచ్చిన సూత్రం పల్లెకు పనికిరాదనడంలో ఉన్నది పాలనాశాస్త్రం కాదు, పల్లె మీద చిన్నచూపు.

రాజకీయాల బెడద అన్న వాదన మాత్రం మిగతావాటిలా తోసిపారేయదగ్గది కాదు. స్థానిక ప్రభుత్వం చేతిలోనే మ్యూజియం పాడైన ఉదాహరణలు ఉన్నాయి. ఇంగ్లండులో పట్టణ కౌన్సిళ్లు పన్ను వేసి మ్యూజియంలు పెట్టుకోవచ్చని 1845లోనే చట్టం వచ్చింది, కౌన్సిల్ మ్యూజియంలకు అక్కడ అంత పాత చరిత్ర ఉంది. అలాంటి దేశంలో నార్తాంప్టన్ పట్టణ కౌన్సిల్ 2014 జులైలో తన మ్యూజియంలోని ప్రాచీన ఈజిప్టు విగ్రహాన్ని, సెఖెమ్కా అనే లేఖరి ప్రతిమను, వేలంలో 1 కోటీ 57 లక్షల పౌండ్లకు పైగా ధరకు అమ్ముకుంది. పట్టణవాసులు వద్దన్నారు, ఈజిప్టు ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది, కౌన్సిల్ వినలేదు. శిక్షగా ఆ మ్యూజియం తన అధికారిక గుర్తింపును కొన్నేళ్లు కోల్పోయింది. అక్కడ జరిగిన అనర్థం పంచాయతీకి ఇక్కడ ఏం ఇవ్వకూడదో చెబుతుంది. అమ్మే హక్కు ఇవ్వకూడదు, సొంతదారు హక్కు ఇవ్వకూడదు, ఏది ప్రదర్శించాలో ఏది ఎలా శుద్ధి చేయాలో నిర్ణయించే పని నిపుణుల నుంచి లాక్కోకూడదు. చూసే హక్కు, లెక్క అడిగే హక్కు, తరలించే ముందు తెలుసుకునే హక్కు వేరు. ఈ రెండు రకాల హక్కులనూ కలిపేసి, మొదటిది ప్రమాదం కాబట్టి రెండోదీ వద్దనడమే వాడుకలో ఉన్న వాదనలోని అసలు గారడీ.

అడిగే హక్కు డబ్బుతో వచ్చినప్పుడు ఎలా పనిచేస్తుందో అమెరికాలోని డెట్రాయిట్ చూపించింది. 2012లో అక్కడి మూడు కౌంటీల ఓటర్లు నగర కళాసంస్థ కోసం పదేళ్లపాటు ఆస్తిపన్ను అదనంగా కట్టడానికి ఒప్పుకున్నారు. బదులుగా ఆ కౌంటీలవారికి ప్రవేశం ఉచితమైంది. 2014లో సంస్థ డైరెక్టరుకు బోనసు ఇచ్చిన సంగతి బయటికి రాగానే కౌంటీ నాయకులు బహిరంగంగా నిలదీశారు. ఆ నిలదీతలో కొంత రాజకీయం ఉండే ఉంటుంది. ఉన్నా నష్టం లేదు, ప్రశ్నకు జవాబు వచ్చిందా లేదా అన్నదే లెక్క.

పంచాయతీకి డబ్బు లేదన్న వాదన గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. లెక్క అడగడానికి డబ్బు అక్కర్లేదు. మ్యూజియం నడిపే ఖర్చు రాష్ట్రానిదే, అది జనం కట్టిన పన్నే.

వస్తువులన్నిటినీ పెద్ద ఊరి మ్యూజియానికి తరలిస్తే గొడవే ఉండదన్నది మధ్యేమార్గంగా వినిపించే మాట. నాగార్జునకొండలో తరలింపు తప్పలేదు. 1954 నుంచి 1960 దాకా తవ్వి, మునిగిపోయే లోయలోంచి ముఖ్యమైన కట్టడాలను కొండమీదికీ అనుపుకూ మార్చి, కొండమీదే మ్యూజియం కట్టారు. అంతటి ముంపు వచ్చినా వస్తువులను ఢిల్లీకో హైదరాబాదుకో కాకుండా పుట్టిన లోయ అంచునే నిలిపారన్నది గమనించాల్సిన విషయం. ముంపే లేని చందవరానికి తరలింపు మందు ఎలా అవుతుందో ఆ సలహా ఇచ్చేవారు చెప్పాలి.

పెద్దారవీడు మండలానికి ఈ ప్రశ్న మరో రూపంలో ఇంటి గుమ్మంలోకే వచ్చింది. వెలిగొండ ప్రాజెక్టులో నల్లమలసాగర్ జలాశయం కోసం సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య సందులకు అడ్డంగా ఆనకట్టలు కట్టారు. 53.85 టీఎంసీల నీరు నిలిపే ఆ జలాశయం కింద మునిగే ఊళ్లలో పెద్దారవీడు మండలానికి చెందిన సుంకేసుల, గుండంచర్ల, కలనూతల ఉన్నాయి. ఇళ్లకు, పొలాలకు విలువ కట్టే పద్ధతి ఉంది. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూలు పునరావాస కాలనీల్లో ప్రతి 50 కుటుంబాలకు ప్రార్థనాస్థలం, రచ్చబండ ఉండాలని కూడా చెప్పింది. ఊరి బొడ్రాయి, గ్రామదేవత రాయి, దారిపక్క వీరగల్లు, పాత కరణం రికార్డు, పలకల గనిలో వాడిన పనిముట్టు, పెళ్లి ఫొటోలు, ఇవన్నీ ఎవరి జాబితాలో ఎక్కాలి? 1972 పురావస్తువుల చట్టం లెక్కలో వందేళ్లు నిండిన వస్తువే పురావస్తువు, చేతిరాత ప్రతి అయితే 75 ఏళ్లు. అంతకన్నా చిన్న వయసువి పురావస్తు శాఖ చూపుకు ఆనవు. ఇక్కడ పని చేయగలిగింది మండల, గ్రామ పంచాయతీలే. పై శాఖకు మాత్రమే జవాబు చెప్పే మ్యూజియం వ్యవస్థ ఆ పైవాడి నిర్వచనంలో లేనిదాన్ని చూడలేదు. చూడనిదాన్ని కాపాడే ప్రశ్నే రాదు.

పొలం దున్నుతుంటే విగ్రహం బయటపడినప్పుడు జరిగేది కూడా ఇదే తీరు. 1878 నాటి గుప్తనిధుల చట్టం పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలంది. రైతు చెబుతాడు, తహశీల్దారు వస్తారు, పంచనామా రాస్తారు, వస్తువు ట్రెజరీకో మ్యూజియానికో వెళుతుంది. ఆ తర్వాత అది ఎక్కడుందో, దాని పక్కన ఏ ఊరి పేరు రాశారో ఆ రైతుకు చెప్పేవారుండరు. దాచిపెట్టుకుంటే నేరం, అప్పగిస్తే ఆచూకీ ఉండదు. అలాంటప్పుడు జనంలో వారసత్వ స్పృహ లేదని ఉపన్యాసాలివ్వడం న్యాయం కాదు.

జవాబుదారీ ఒకవైపుదే కాదు. పురావస్తు స్థలానికి వెళ్లే దారి, అక్కడి దీపం, తాగునీరు పంచాయతీ చూడాల్సినవే. రక్షిత స్థలం అంచున ఆక్రమణలు, రాత్రిపూట మట్టి, కంకర తవ్వకాలు పంచాయతీ కళ్ల ముందే జరుగుతాయి. కొన్నిచోట్ల పంచాయతీ పెద్దల అండతోనే జరుగుతాయి. ఇవాళ ఆ పంచాయతీని అడిగేవారూ లేరు. స్థలం శాఖది, కాబట్టి కాపలా మాది కాదని అది తప్పించుకుంటుంది. కాపలా మాదే కానీ ఊరు మా అధీనంలో లేదని శాఖ తప్పించుకుంటుంది. ఈ ఇద్దరి మధ్య ఖాళీలోంచే చందవరం ఫలకం బయటికి నడిచింది.

చేయాల్సిన మార్పు పెద్దదేమీ కాదు. 1960 కట్టడాల చట్టాన్ని సవరించి, ప్రతి స్థల మ్యూజియం రిజిస్టరు నకలు ఫొటోలతో సహా ఆ గ్రామ పంచాయతీకీ జిల్లా పరిషత్తుకూ ఇవ్వాలని రాయాలి. ఏడాదికోసారి గ్రామసభ ఎన్నుకున్న మనుషుల ముందు వస్తువులను రిజిస్టరుతో సరిచూసి, ఫలితాన్ని సభలో చదవాలి. ఏ వస్తువునైనా ఊరు దాటించే ముందు పంచాయతీకి రాతపూర్వకంగా కారణం చెప్పాలి, తిరిగివచ్చే తేదీ చెప్పాలి. దొంగతనం జరిగితే నిర్ణీత గడువులో విచారణ నివేదిక గ్రామసభ ముందుంచాలి. విదేశాల నుంచి తిరిగివచ్చిన వస్తువు గురించి మూలస్థలం పంచాయతీ వాదన వినకుండా నిర్ణయం తీసుకోకూడదు. స్థలం సరిహద్దులు, ఆక్రమణలు, తవ్వకాల మీద పంచాయతీ కూడా అదే సభలో జవాబు చెప్పాలి, చెప్పకపోతే దాని మీద చర్యకు వీలుండాలి. సర్పంచికి స్థల సలహామండలిలో హోదారీత్యా స్థానం ఉండాలి, వస్తువుల అమ్మకం, మార్పిడిపై మాత్రం ఏ అధికారమూ ఉండకూడదు.

ఇందుకు పార్లమెంటును అడగనక్కర్లేదు, రాజ్యాంగాన్ని సవరించనక్కర్లేదు. మ్యూజియం రాష్ట్ర జాబితాలోని అంశమేనని ఇన్నాళ్లూ చెబుతూ వచ్చినవారి మాట ప్రకారమే ఆ అధికారం రాష్ట్ర శాసనసభది. ఈలోగా దొనకొండ, పెద్దారవీడు మండల పరిషత్తులు తమ వంతు చేయవచ్చు. తమ పరిధిలోని పురావస్తువుల జాబితా నకలు ఇవ్వమని పురావస్తు శాఖను కోరుతూ తీర్మానం చేయాలి, ముంపు ఊళ్ల వస్తువుల పట్టిక తామే రాయించడం మొదలుపెట్టాలి. సుంకేసుల, గుండంచర్ల, కలనూతల పట్టిక నీళ్లు నిండకముందే పూర్తి కావాలి.